చెమట కనిపించని ఎండ: ఎడారి కొండ అంచుకు బయలుదేరే ముందు

అబ్బాయి రియాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వేసవి సెలవులకు విజిట్ వీసా తీసి అమ్మనూ నాన్ననూ పిలిపించుకుంటాడు. ఉమ్రా పూర్తవుతుంది. ఇంకా నెల రోజులు చేతిలో ఉంటాయి. ఒక గురువారం రాత్రి భోజనాల దగ్గర, "రేపు సెలవే కదా, ఎడ్జ్ ఆఫ్ ది వరల్డ్ చూసొద్దాం" అంటాడు. యానాంలో, బరంపురంలో, చెన్నైలో, షోలాపూర్‌లో, బళ్లారిలో ఉన్న మన కుటుంబాల్లో ఇది ఇప్పుడు కొత్త విషయం కాదు. కొండ అంచున నిలబడి తీయించుకున్న ఫోటోలు బంధువులందరి ఫోన్లకూ వస్తున్నాయి. ఆ ఫోటోల్లో ఎండ ఎంత ఉందో మాత్రం తెలియదు. ఈ వారం దాని గురించి చెప్పుకుందాం.

ముందు ఆ చోటు ఎలాంటిదో తెలియాలి. రియాద్‌కు వాయవ్యంగా సుమారు 90 కిలోమీటర్ల దూరంలో, తువైఖ్ అనే సున్నపురాతి కొండల వరుస ఒక్కసారిగా తెగిపోయినట్టు ఆగిపోతుంది. కింద వందల అడుగుల లోతున, చూపు ఆనినంత మేరా మైదానం. అరబ్బులు దాన్ని జబల్ ఫిహ్రైన్ అంటారు. చివరి కొన్ని కిలోమీటర్లు తారు రోడ్డు ఉండదు, ఫోర్ వీల్ బండి కావాలి. బండి ఆపిన చోటి నుంచి అంచుకు నడక పెద్ద దూరం కాదు కానీ కాలి కింద రాళ్లు జారుతుంటాయి. నీడ లేదు. కొట్టు లేదు. అంచున పట్టుకోవడానికి కమ్మీ లేదు. ఫోన్ సిగ్నల్ ఉంటుందన్న భరోసా లేదు.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అది హాయిగా చూసి రావలసిన చోటు. జూన్, జూలై, ఆగస్టు నెలల్లో రియాద్ పగటి వేడి 43, 45 డిగ్రీలకు చేరుతుంది. ఆ దేశ ప్రభుత్వమే ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల దాకా ఎండలో కూలిపని చేయించరాదని నిషేధం పెట్టింది. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవారు, గర్భిణులు, పసిపిల్లలు ఆ నెలల్లో వెళ్లకపోవడమే మంచిది. కానీ మన సెలవులూ పిల్లల సెలవులూ వేసవిలోనే పడతాయి కాబట్టి వెళ్లేవాళ్లు వెళ్తూనే ఉంటారు. మిగతా మాటలు వాళ్ల కోసం.

అక్కడి నుంచి తిరిగొచ్చిన యానాం పెద్దాయన ఒకరు నాతో అన్నారు: "అక్కడి ఎండ మన ఎండంత లేదు హకీం సాబ్. చొక్కా కూడా తడవలేదు. మరి కళ్లు తిరిగి ఎందుకు కూలబడ్డానో!"

చొక్కా తడవకపోవడమే అసలు సంగతి. యూనానీ వైద్యంలో గాలికి కూడా మిజాజ్ ఉంటుంది. గోదావరి చివర ఉన్న యానాం గాలి, చెన్నై గాలి వేసవిలో హార్ రతబ్, అంటే వేడి, తేమ కలిసినవి. రియాద్ గాలి హార్ యాబిస్, వేడి, పొడి కలిసినది. తేమ గాలిలో చెమట ఆరదు, ఒంటికి అంటుకుని విసిగిస్తుంది, మనిషి తనంతట తానే నీడకు చేరతాడు. పొడి గాలిలో చెమట పుట్టిన క్షణంలోనే ఆవిరైపోతుంది. చర్మం పొడిగా, హాయిగానే ఉంటుంది. లోపల మాత్రం గంటకు అర లీటరు, ఎక్కడం ఎక్కువైతే లీటరు దాకా నీరు పోతూనే ఉంటుంది. సముద్రపు ఒడ్డున పెరిగిన మనం ఎండను చెమటతో కొలవడం అలవాటు చేసుకున్నాం. ఆ కొలత ఎడారిలో పనికిరాదు. బళ్లారి, రాయచూరు, షోలాపూర్ వాళ్లకు పొడి ఎండ కొంత తెలుసు, అయినా అక్కడి వేసవి ఇంకో మెట్టు పైన ఉంటుంది.

వయసు సంగతి కూడా చూడండి. వృద్ధాప్యపు మిజాజ్ చలువ, పొడి అని మన హకీములు చెబుతారు. శరీరంలోని రతూబత్, అంటే సహజమైన తేమ, వయసుతో తగ్గుతుంది. నేటి వైద్యులు చెప్పేది కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది: వయసు పైబడితే ఒంట్లో నీటి నిల్వ తగ్గుతుంది, దాహం వేయడం కూడా మందగిస్తుంది. కాబట్టి నాన్నగారు "నాకు దాహంగా లేదురా" అంటే నమ్మకండి. గడియారం చూసి తాగించండి, ప్రతి పావుగంటకు నాలుగైదు గుక్కలు.

ఇంకో పొరపాటు ఏసీది. "వచ్చి మూడు వారాలైంది, వాతావరణం అలవాటైంది" అంటారు. ఆ మూడు వారాలు ఏసీ గదిలోనే గడిస్తే ఏమీ అలవాటు కాలేదనే లెక్క. శరీరం ఎండకు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, అదీ రోజూ కాస్త కాస్త బయట గడిపితేనే. ప్రయాణానికి పది రోజుల ముందు నుంచి, ఫజ్ర్ నమాజు తర్వాత ఇరవై నిమిషాలు నడక మొదలుపెట్టండి, క్రమంగా గంటకు పెంచండి. బూట్లు కూడా ఆ నడకలోనే అలవాటవుతాయి. చెప్పులతో ఆ రాళ్ల మీదికి వెళ్లొద్దు.

ఇక తాగేవి, తినేవి. 1037లో మరణించిన ఇబ్న్ సీనా తన అల్ ఖానూన్ గ్రంథంలో ప్రయాణికుల కోసమే ఒక భాగం రాశారు. ఎండలో బయలుదేరే ముందు బార్లీ పిండితో చేసే సవీఖ్, చలువ చేసే పండ్ల షర్బతులు తీసుకోమంటారు. వేడి గాలి వీచే చోట ముక్కు, నోరు గుడ్డతో కప్పుకోమంటారు. మజ్జిగలో నానిన ఉల్లిపాయ తినమంటారు! వేసవిలో మజ్జిగన్నంలో పచ్చి ఉల్లిపాయ నంజుకునే మన ఇళ్లకు ఈ మాట కొత్తేమీ కాదు. ఎండ తగిలినవాడు గటగటా కడుపు నిండా తాగకుండా నోరు పుక్కిలించి గుక్క గుక్కగా తాగాలని కూడా ఉంది. వాంతి రాకుండా ఉండటానికి ఇది ఇప్పటికీ మంచి పద్ధతే.

ముందు రోజు రాత్రి మసాలా బిర్యానీ, వేపుడు మాంసం వద్దు. బార్లీ జావ, దోసకాయ, సొరకాయ కూర, పెరుగు చాలు. సబ్జా గింజలు, యూనానీ పేరు తుఖ్మె రైహాన్, నానబెట్టి నీళ్లలో కలుపుకోండి. సికంజబీన్ ఇంట్లోనే చేసుకోవచ్చు: రెండు కప్పుల పంచదార ఒక కప్పు నీళ్లలో కరిగేదాకా మరిగించి, అర కప్పు సిర్కా పోసి చిన్న మంట మీద కాసేపు ఉంచి, దించాక గుప్పెడు పుదీనా వేసి చల్లారనివ్వాలి. గ్లాసు చల్లని నీళ్లకు రెండు చెంచాలు. కడుపులో పుండు, మంట ఉన్నవారికి సిర్కా పడదు. షుగర్ ఉన్నవారు షర్బతుల జోలికి పోకుండా మజ్జిగ, చప్పని బార్లీ నీళ్లు వాడాలి.

షర్బత్ ఒక్కటే సరిపోదని కూడా చెప్పాలి. చెమటతో ఉప్పు పోతుంది. రెండు మూడు గంటలు ఉత్త నీళ్లే లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో ఉప్పు పలచబడి తలనొప్పి, వాంతులు, మత్తు వస్తాయి. లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, కొలత తప్పకుండా టీ చెంచాతోనే, లేదా ఓఆర్ఎస్ పొట్లం కలిపిన సీసాలు కొన్ని తీసుకెళ్లండి. బీపీ ఉన్నవారు ఉప్పు గురించి, షుగర్ ఉన్నవారు ఈ పంచదార నీళ్ల గురించి వైద్యుణ్ణి ముందే అడగాలి. మొత్తం మీద మనిషికి నాలుగు లీటర్లు బండిలో ఉండాలి, బండి ఇసుకలో దిగబడితే అదే ఆధారం.

బీపీకి వాడే నీటి మాత్రలు, కొన్ని షుగర్ మాత్రలు, జలుబు మాత్రలు ఎండ దెబ్బను పెంచుతాయి. సొంతంగా మానేయకండి, ఇక్కడి నుంచి బయలుదేరే ముందే మీ వైద్యుణ్ణి అడిగి రాయించుకోండి. ఇన్సులిన్‌ను బండిలో వదలొద్దు, చల్లని సంచిలో వెంట ఉండాలి. ఇంకో మాట: చలువ చేస్తుందని గసగసాలు, అవి కలిసిన ఖమీరాలు, లేహ్యాలు సూట్‌కేసులో పెట్టుకోకండి. సౌదీలో గసగసాలు నిషిద్ధం, విమానాశ్రయంలోనే చిక్కుల్లో పడతారు.

బట్టలు వదులుగా, నూలువి, చేతులు నిండుగా ఉన్నవి వేసుకోండి. నల్లటి బుర్ఖా గురించి మన ఆడవాళ్లు అడుగుతుంటారు. ఎడారి బదూలు వదులైన నల్లని బట్టలు ఎందుకు వేసుకుంటారని 1980లో శాస్త్రవేత్తలు పరీక్షిస్తే, వదులుగా ఉన్నప్పుడు నలుపుకూ తెలుపుకూ ఒంటికి తగిలే వేడిలో తేడా కనిపించలేదు. గాలి ఆడటమే ముఖ్యం. బిగుతుగా ఉన్న నైలాన్ బట్ట ఏ రంగైనా చెడ్డదే.

సమయం విషయంలో రాజీ పడొద్దు. జూన్‌లో అక్కడ ఐదు గంటలకే తెల్లవారుతుంది. ఫజ్ర్ చదువుకుని వెంటనే బయలుదేరి, ఎనిమిదింటికల్లా తిరిగి బండిలో ఉండాలి. సాయంత్రం చూద్దామంటే రాయి పగలంతా మింగిన వేడిని కక్కుతూ ఉంటుంది, తిరుగు దారి చీకట్లో పడుతుంది. ఒంటరి బండి వద్దు, రెండు బండ్లుగా వెళ్లండి. ఆలస్యమైతే అంచు చూడకుండానే వెనక్కి తిరగాలని ముందు రాత్రే అందరూ ఒప్పుకోండి. అక్కడికెళ్లాక ఎవరూ ఒప్పుకోరు. పిల్లలను "రెండు నిమిషాలే కదా" అని ఆపిన బండిలో వదలొద్దు.

2024 జూన్‌లో హజ్ సమయంలో 1,301 మంది మరణించారని సౌదీ అధికారులు ప్రకటించారు. వారిలో చాలామంది నీడా విశ్రాంతీ లేకుండా ఎండలో చాలా దూరం నడిచినవారే. ఎండ దెబ్బ మెల్లగా మొదలై హఠాత్తుగా ముదురుతుంది. తలనొప్పి, కండరాలు పట్టేయడం, వికారం, మూత్రం ముదురు పసుపు రంగులో రావడం మొదటి హెచ్చరికలు. అప్పుడే నడక ఆపి, ఏసీ వేసిన బండిలోకి చేర్చి, ఉప్పు కలిపిన నీళ్లు గుక్క గుక్కగా పట్టించాలి. మనిషి పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తూలుతున్నా, ఒళ్లు కాలుతున్నా అది వడదెబ్బ. దానికి ఏ షర్బతూ, ఏ ఖమీరా మందు కాదు. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు కూడా పోయొద్దు. బట్టలు వదులు చేసి ఒళ్లంతా నీళ్లు గుమ్మరించి విసరాలి, మెడ, చంకలు, గజ్జల్లో మంచు ముక్కలు పెట్టాలి, 997కు ఫోన్ చేయాలి. సిగ్నల్ అందకపోతే ఆగకుండా, దారిలోనూ నీళ్లు చల్లుతూనే, తారు రోడ్డు వైపు బండి నడపాలి. అందుకే తాగే నీళ్లు కాక ఒంటి మీద పోయడానికి మరో రెండు క్యాన్లు, మంచు పెట్టె బండిలో వేసుకోమని అబ్బాయికి ముందు రాత్రే చెప్పండి.