వరుస మారితే బయటపడే తప్పు

1986 మార్చి. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం, టైలర్ పట్టణం. అక్కడి క్యాన్సర్ ఆసుపత్రిలో థెరాక్-25 యంత్రంతో ఒక రోగికి రేడియేషన్ ఇస్తున్నారు. ఎలక్ట్రాన్ చికిత్సకు 'ఇ' నొక్కాల్సిన చోట ఆపరేటర్ 'ఎక్స్' నొక్కి, వెంటనే దిద్దుకుంది. తెర మీద అంతా సరిగానే ఉంది. లోపల అయస్కాంతాలు సర్దుకోవడానికి మాత్రం 8 సెకన్లు పడుతుంది. ఆలోపే జరిగిన ఆ దిద్దుబాటు ప్రోగ్రాంలో ఒక భాగానికి అందింది, మరో భాగానికి అందలేదు. రోగికి సుమారు వంద రెట్ల మోతాదు తగిలింది. తెర మీద కనిపించింది 'మాల్‌ఫంక్షన్ 54' అన్న రెండు ముక్కలే.

తయారీదారుల ఇంజనీర్లు పరీక్షించినా తప్పు మళ్లీ రాలేదు. ఏప్రిల్‌లో ఇంకో రోగి బలయ్యాక ఆసుపత్రి భౌతిక శాస్త్రవేత్త, ఆ ఆపరేటర్ కలిసి అవే మీటలు పదేపదే నొక్కి చూశారు. వేగంగా టైప్ చేస్తేనే తప్పు వస్తోందని అప్పుడు తేలింది.

ఆ ప్రోగ్రాం భాగాల్లా ఒకే మెమరీని పంచుకుంటూ పక్కపక్కనే నడిచే పనులను ప్రోగ్రామర్లు థ్రెడ్లు అంటారు. ఒక అంకెకు ఒకటి కలపాలంటే కంప్యూటర్ దాన్ని చదవాలి, కలపాలి, తిరిగి రాయాలి. రెండు థ్రెడ్లు ఒకేసారి 100ని చదివితే రెండూ 101 రాస్తాయి. 102 రావలసిన చోట ఒకటి మాయమవుతుంది. చెరో పది అడుగులు వేసే రెండు థ్రెడ్లు 1,84,756 వరుసల్లో కలవగలవు. పరీక్షను వెయ్యిసార్లు నడిపినా, దాదాపు అవే వరుసలు తిరిగి రావచ్చు.

అయితే ఊరట ఒకటుంది. మైఎస్‌క్యూఎల్, అపాచీ, మొజిల్లా, ఓపెన్ ఆఫీస్‌ ప్రోగ్రాంలలోని ఇలాంటి 105 తప్పులను 2008లో పరిశోధకులు విడదీసి చూశారు. వాటిలో 96 శాతం, రెండే థ్రెడ్ల మధ్య వరుసను బిగిస్తే తప్పకుండా బయటపడేవే. అంటే వరుసలన్నీ వెతకనక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ వారి 'చెస్' అనే పరీక్షా పనిముట్టు చేసింది ఇదే: ఏ థ్రెడ్ ఎప్పుడు ఆగాలో తానే నిర్ణయిస్తూ, తక్కువ అంతరాయాలున్న వరుసలను ముందుగా నడిపి చూసేది. గూగుల్ వారి 'థ్రెడ్‌శానిటైజర్' మరో దారి పట్టింది. ఒకే చోటును రెండు థ్రెడ్లు తాకి, అందులో ఒకటైనా రాస్తూ, ముందెవరో వెనుకెవరో ఖాయం చేసే తాళం లాంటిది లేకపోతే, ఆ పూట జవాబు సరిగా వచ్చినా హెచ్చరిస్తుంది. దాంతో నడిపితే ప్రోగ్రాం 5 నుంచి 15 రెట్లు నెమ్మదిస్తుంది. నడవని కోడ్ గురించి ఈ పనిముట్టు ఏమీ చెప్పలేదు.

ప్రాణాలు ఆధారపడిన యంత్రాల్లో 'మళ్లీ రాలేదు' అన్న మాటతో ఫిర్యాదును మూసేయకూడదు. ఏ వరుసలో వచ్చిందో కనిపెట్టి, ఆ వరుసను కావాలనే నడిపి చూసే బాధ్యత తయారుచేసినవారిది.