తేలే టర్బైన్ జాలిలో చిక్కిన చెత్త ఎవరు తీస్తారు?

దుర్గం చెరువు మీద తీగల వంతెనను 2020 సెప్టెంబరులో తెరిచారు. రాత్రయితే రంగుల దీపాలు, సెల్ఫీలు, పక్కన మాదాపూర్, హైటెక్ సిటీ అద్దాల మేడలు. పారే నీటిలో టర్బైన్ తేలేసి కరెంటు తీసే పద్ధతి వచ్చింది కదా, ఈ ఐటీ కారిడార్‌లో అది ఎందుకు పెట్టరు అని ఇంజినీరింగ్ చదివే మన పిల్లలు అడుగుతుంటారు. మంచి ప్రశ్నే. మొదటి జవాబు ఆ వంతెన కిందే ఉంది. చెరువు నీళ్లు కదలవు. కదలని నీటిలో టర్బైన్ తిరగదు.

రెండో జవాబు కొంచెం పెద్దది. దాంట్లో లెక్కలున్నాయి, మునిగిన ఊళ్లున్నాయి, మనవాళ్ల ఒళ్లున్నాయి.

ముందు ఆ యంత్రం సంగతి. రెండు పొడవాటి డ్రమ్ముల్లాంటి తెప్పలు నీటి మీద తేలుతుంటాయి. వాటి మధ్య రెక్కల చక్రం నీటిలోకి దిగి ఉంటుంది, జనరేటర్ పైన పొడిగా ఉంటుంది. తెప్ప కొట్టుకుపోకుండా తాళ్లతో ఒడ్డుకో, నదిలో వేసిన లంగరుకో కడతారు. ప్రవాహం రెక్కలను తోస్తుంది, చక్రం తిరుగుతుంది, కరెంటు వస్తుంది. ఆనకట్ట ఉండదు, జలాశయం ఉండదు. రామగుండం జలాశయం మీద ఎన్టీపీసీ 2022లో పూర్తిచేసిన 100 మెగావాట్ల ప్లాంటుతో దీన్ని కలపకండి. అది నీటి మీద తేలే సోలార్. దానికి నీరు పారాల్సిన పని లేదు, ఎండ ఉంటే చాలు.

ఆలోచన కొత్తది కాదు. క్రీ.శ. 537లో గోత్‌లు రోమ్ నగరాన్ని ముట్టడించి పిండిమరలకు నీళ్లు తెచ్చే కాలువలను కోసేస్తే, సేనాని బెలిసారియస్ టైబర్ నదిలో పడవలు కట్టి, వాటి మధ్య చక్రాలు దించి మరలు ఆడించాడు. మన దేశంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో ఈ తేలే టర్బైన్లను జలవిద్యుత్ విభాగం కింద గుర్తించింది. అంటే ఇక కాలువల మీద, ప్రాజెక్టుల దిగువ నీటి మీద ప్రతిపాదనలు వస్తాయి. అవి మన వాడల పక్కకూ వస్తాయి. అందుకే ఇప్పుడే దీన్ని అర్థం చేసుకోవాలి.

లెక్క కష్టమేమీ కాదు. పారే నీటి శక్తి దాని వేగానికి ఘనంగా మారుతుంది. వేగం సగమైతే శక్తి సగం కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. సెకనుకు ఒక మీటరు వేగంతో పారే నీటిలో, ఒక చదరపు మీటరు మేర 500 వాట్ల శక్తి ఉంటుంది. అదంతా లాక్కోలేం. లాక్కుంటే నీరు అక్కడే ఆగిపోవాలి. 59.3 శాతానికి మించి తీయలేమని జర్మన్ శాస్త్రవేత్త బెట్జ్ వందేళ్ల కిందటే లెక్క తేల్చాడు. ఆచరణలో 30 నుంచి 35 శాతం వస్తే మంచి యంత్రం కిందే లెక్క.

ఇప్పుడు ఇదే లెక్కను కారిడార్‌కు వేద్దాం. ఒక నాలాలో సెకనుకు 0.8 మీటరు వేగం ఉందనుకుందాం. ఒక చదరపు మీటరు చక్రం దించితే దాదాపు 77 వాట్లు వస్తాయి. ఒక ల్యాప్‌టాప్ చార్జర్ 65 వాట్లు లాగుతుంది. అంటే ఒక నాలా, ఒక టర్బైన్, ఒక ఉద్యోగి ల్యాప్‌టాప్. ఎండాకాలం అదీ ఉండదు. వానాకాలం వరదకు టర్బైన్ ఉంటుందో కొట్టుకుపోతుందో చెప్పలేం.

అసలు ఈ నగరంలో నీరు కరెంటును పుట్టించడం కాదు, కరెంటే నీటిని పారిస్తోంది. కృష్ణా మంచినీటి పథకం మూడు దశల్లో కలిపి రోజుకు 270 మిలియన్ గ్యాలన్లు తెచ్చేలా కట్టారు. మన లెక్కలో దాదాపు 122 కోట్ల లీటర్లు. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 590 అడుగులు. హైదరాబాద్ సుమారు 1,770 అడుగుల ఎత్తున ఉంది. వెయ్యి లీటర్లను అంత ఎత్తుకు ఎక్కించడానికి, పైపుల రాపిడీ మోటార్ల నష్టమూ వదిలేసినా, దాదాపు ఒక యూనిట్ కరెంటు కావాలి. పథకం నిండుగా నడిచిన రోజున ఎత్తుకే 12 లక్షల యూనిట్లు. గచ్చిబౌలిలో ఆఫీసు బాత్రూమ్ ఫ్లష్ నొక్కినప్పుడల్లా ఎక్కడో ఒక పంపు తిరుగుతున్నట్టే.

నగరం సంగతి అలా ఉంటే, ఈ యంత్రానికి అసలు చోటు కాలువ. సాగర్ కుడి, ఎడమ కాలువల్లాంటి పెద్ద కాలువలో సెకనుకు మీటరున్నర వేగం దొరికే చోట మూడు చదరపు మీటర్ల చక్రం దించామనుకుందాం. సుమారు 1,770 వాట్లు. ఇరవై నాలుగు గంటలూ తిరిగితే రోజుకు 42 యూనిట్లు. తెలంగాణ గృహజ్యోతిలో నెలకు 200 యూనిట్ల లెక్కన చూస్తే ఆరిళ్లకు సరిపోతుంది. ఆ ఆరిళ్లు మన వాడలోవైతే చిన్న విషయం కాదు. కానీ కాలువ ఏడాదంతా పారదు. నీళ్లు వదిలినన్నాళ్లే కరెంటు. నగరానికి నీళ్లెక్కించే ఆ 12 లక్షల యూనిట్లు వీటితోనే తీయాలంటే 28 వేలకు పైగా టర్బైన్లు కావాలి. కాబట్టి 'క్లౌడ్ కంపెనీలను నది నడుపుతుంది' లాంటి మాటలు ఎక్కడన్నా వినిపిస్తే నమ్మకండి.

ఇంత తక్కువ ఎందుకు వస్తుంది? మీటరున్నర వేగంతో పారే నీటిలో ఉన్న శక్తి, అదే నీటిని పదకొండున్నర సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడేస్తే వచ్చే శక్తితో సమానం. జానెడులో సగం. శ్రీశైలంలో అదే నీరు దాదాపు వంద మీటర్ల ఎత్తు నుంచి టర్బైన్ మీద పడుతుంది. వందల రెట్లు ఎక్కువ. కుడిగట్టు 770, ఎడమగట్టు 900 మెగావాట్లు అలా వచ్చినవే. కరెంటు కావాలన్న ప్రతి ప్రభుత్వమూ ఎత్తు వెతికింది. ఎత్తు కావాలంటే గోడ కట్టాలి. గోడ కడితే వెనక ఊళ్లు మునగాలి.

శ్రీశైలం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు మునిగాయి. 1981 ఎండాకాలంలో ఇళ్లు కూల్చి జనాన్ని తరిమిన ఆ కార్యక్రమానికి పేరే 'ఆపరేషన్ డిమాలిషన్'. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మాత్రం రాయి రాయీ విప్పి అలంపురం తెచ్చి మళ్లీ నిలబెట్టారు. గుడిని తరలించడం తప్పని నేననను. రాయికి నెంబరు వేసిన ఓపిక మనిషికి వేయలేదు, అంతే. అప్పటి 1894 నాటి భూసేకరణ చట్టం భూమి ఉన్నవాడికే పరిహారం అంది. ఇతరుల చేలో కూలి చేసి బతికే మాల మాదిగ కుటుంబానికి పోయింది భూమి కాదు, పని. పోయిన పనికి ఆ చట్టంలో ధర లేదు. కూలీలనూ కౌలుదారులనూ బాధిత కుటుంబాలుగా గుర్తించడానికి 2013 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. ఇంటికో ఉద్యోగమన్న 1986 నాటి 98 జీవో కోసం నిర్వాసితులు దశాబ్దాల పాటు ధర్నాలు చేశారు.

ఈ చరిత్ర తెలిసినవాళ్లకు తేలే టర్బైన్ వైపు చూడబుద్ధి అవుతుంది. ఊరు ముంచకుండా కరెంటు ఇస్తానంటోంది. తక్కువే ఇస్తుంది, కానీ ముంచదు. అది దాని నిజమైన గుణం, దాన్ని తక్కువ చేయకూడదు.

నీళ్ల నుంచి కరెంటు అనే విషయంలో మనకు ఇంకో వారసత్వం కూడా ఉంది. 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్‌గా ఉన్న బాబాసాహెబ్ చేతిలో విద్యుత్తు, నీటిపారుదల కూడా ఉండేవి. 1944లో సెంట్రల్ టెక్నికల్ పవర్ బోర్డు, 1945లో కేంద్ర జలమార్గాలు, నీటిపారుదల, నౌకాయాన కమిషన్ ఆయన కాలంలోనే పుట్టాయి. దామోదర్ లోయ పథకానికి ఆయన హయాంలోనే రూపం వచ్చింది. పరిశ్రమలు రావాలంటే చౌకగా, సమృద్ధిగా కరెంటు ఉండాలనీ, పరిశ్రమలు వస్తేనే జనం భూమి మీది పేదరికం నుంచి బయటపడతారనీ ఆయన వాదన. ఆయన భారీ ప్రాజెక్టుల పక్షమే, అది దాచాల్సిన పని లేదు. అయితే 1943లో విద్యుత్ విధాన కమిటీ ముందు ఆయన పెట్టిన ప్రశ్నల్లో ఒకటి ఇవాళ్టికీ పనికొస్తుంది: విద్యుత్తు ఎవరి సొత్తుగా ఉండాలి, ప్రభుత్వానిదా ప్రైవేటుదా?

తేలే టర్బైన్‌కూ అదే ప్రశ్న వేయాలి. అమెరికాలోని అలాస్కాలో క్విచాక్ నది ఒడ్డున ఇగియుగిగ్ అనే ఆదివాసీ గ్రామం ఉంది. జనాభా డెబ్బై మందికి అటూ ఇటూ. డీజిల్ తెప్పించుకుని జనరేటర్లు నడుపుకునేవారు. 2019లో అక్కడ నది టర్బైన్ పెట్టారు. తెప్పల మీద తేలించుకెళ్లి నది అడుగున కూర్చోబెట్టే రకం అది. యంత్రం తయారుచేసింది ఒక కంపెనీ. ఫెడరల్ లైసెన్సు మాత్రం ఇగియుగిగ్ గ్రామ మండలి పేరు మీదే ఉంది. మన దగ్గర కాలువ గట్టున ఒక దళిత మహిళా సంఘం పేరు మీద అలాంటి అనుమతి ఎందుకు ఉండకూడదు? ఆరిళ్ల కరెంటు అన్నాం కదా, అలాంటి చిన్న యంత్రం పెద్ద కంపెనీకన్నా చిన్న సంఘానికే నప్పుతుంది.

యాజమాన్యం తేలినా, రెండు చిక్కులు మిగులుతాయి. మొదటిది చివరి భూములది. టర్బైన్ ప్రవాహాన్ని అడ్డుకుంటుంది, దాని ఎగువన నీటిమట్టం కొంచెం పెరుగుతుంది. మట్టం పెరిగితే ఎగువ తూముల్లోకి ఎక్కువ నీళ్లు దిగుతాయి, కింద చివరి మడికి తగ్గుతాయి. ఒక టర్బైన్‌తో తెలియకపోవచ్చు, వరసగా యాభై పెడితే తెలుస్తుంది. కాలువ చివర, తూము దూరాన, ఎవరి అసైన్డ్ భూములున్నాయో ఊళ్లో తిరిగిన ఎవరికైనా తెలుసు. చేపలు పట్టి బతికేవాళ్ల సంగతీ ఇలాంటిదే. భూమి తీసుకోలేదు కాబట్టి భూసేకరణ చట్టం వర్తించదు. పట్టా లేని నీటి హక్కుకు పరిహారం అడగడానికి కాగితం ఉండదు.

రెండోది చెత్త. కంపెనీ బొమ్మల్లో నీళ్లు ఎప్పుడూ నీలంగా ఉంటాయి. మన కాలువల్లో గుర్రపుడెక్క వస్తుంది, ప్లాస్టిక్ సంచులు, పాత చీరలు, నిమజ్జనం చేసిన విగ్రహాల కర్రలు వస్తాయి. చచ్చిన గొడ్లు కొట్టుకొస్తాయి. ఇవి రెక్కలకు చుట్టుకుంటే యంత్రం ఆగిపోతుంది, అందుకని ముందు ఇనుప జాలి పెడతారు. జాలి నిండితే నీరు ఆగుతుంది. కాబట్టి ఎవరో ఒకరు ఆ జాలిని శుభ్రం చేస్తుండాలి. వానాకాలంలో అయితే రోజుకు ఎన్నిసార్లో.

జాలికి చచ్చిన గొడ్డు తగిలితే ఊళ్లో ఎవరికి కబురు వెళ్తుంది? కారంచేడు ఒక చెరువు నీళ్ల దగ్గర మొదలైందని తెలిసిన మనం ఈ ప్రశ్నను తేలిగ్గా వదలలేం.

నగరంలో అయితే ఇంకా ఘోరం. నాలాలోనో, మురుగుశుద్ధి కేంద్రం కాలువలోనో టర్బైన్ పెడితే ఆ జాలికి పట్టేది మురుగు. ఐటీ కారిడార్ నడిబొడ్డున, మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో 2016 ఆగస్టులో మ్యాన్‌హోల్ పనిలో నలుగురు చనిపోయారు. 2013 చట్టం సీవర్లలో, సెప్టిక్ ట్యాంకుల్లో మనుషుల చేత ప్రమాదకరమైన శుభ్రత చేయించడాన్ని నిషేధించింది. సీవర్ మరణానికి పరిహారాన్ని సుప్రీంకోర్టు 2014లో 10 లక్షలన్నది, 2023 అక్టోబరులో 30 లక్షలు చేసింది. 2025 జనవరిలో హైదరాబాద్ సహా ఆరు మహానగరాల్లో మనుషులతో సీవర్లు శుభ్రం చేయించడం ఆపాలని ఆదేశించింది. కానీ టర్బైన్ జాలి అన్న మాట ఆ చట్టంలో లేదు. 'ఇది పారిశుధ్యం కాదు, యంత్రం మెయింటెనెన్స్' అని ఒక సబ్ కాంట్రాక్టర్ కాగితం మీద రాసేస్తే, నడుం లోతు మురుగులో దిగిన మనిషి ఏ చట్టం కిందికి వస్తాడో మళ్లీ కోర్టులోనే తేలాలి.

దీనికి ఇంజినీరింగ్ పరిష్కారాలు లేకపోలేదు. తెప్ప ముందు కోణాకారంలో తేలే అడ్డుకర్ర కడితే పైన తేలే చెత్త చాలావరకు పక్కకు జారిపోతుంది. జాలిని ఏటవాలుగా పెట్టి, మోటారు పంటెతో గీకే ఏర్పాటు పెద్ద జలవిద్యుత్ కేంద్రాల్లో ఎప్పటినుంచో ఉంది. మొత్తం చక్రాన్ని ఒడ్డునుంచే వించ్‌తో పైకెత్తేలా కడితే నీటిలో దిగాల్సిన పనే ఉండదు. ఇవన్నీ ఖర్చు. రెండు మూడు రూపాయలకే యూనిట్ అని చెప్పే లెక్కలో ఈ ఖర్చు ఉందా లేదా అన్నది అడిగి తెలుసుకోవాలి.

అడగడం ఇంజినీరింగ్ చదివే మన విద్యార్థులు చేయగలిగిన పనే. మీ జిల్లాలో ఏ కాలువ మీదైనా తేలే టర్బైన్ ప్రతిపాదన ఉందని తెలిస్తే సమాచార హక్కు కింద టెండరు పత్రం, సవివర ప్రాజెక్టు నివేదిక రెండూ తీసుకోండి. అందులో 'ఆపరేషన్ అండ్ మెయింటెనెన్స్' పేజీ తెరవండి. చెత్త తీయడానికి యంత్రం రాశారా, మనుషుల్ని రాశారా? మనుషులైతే ఎంతమంది, ఎవరి మస్టర్ మీద, నీటిలో దిగాలా ఒడ్డునుంచేనా? ఎగువ మట్టం ఎంత పెరుగుతుందో లెక్కగట్టారా, చివరి తూము దగ్గర కొలిచారా? కరెంటు ఏ ట్రాన్స్‌ఫార్మర్‌కు కలుపుతున్నారు, ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఊరుందా, వాడ ఉందా?