కిల్డేర్: బ్రిజిడమ్మ ఊరు, రెండు తేదీల పండుగ

ఐర్లండ్ పండుగ అంటే బయటివాళ్లకు తెలిసింది మార్చి 17 ఒక్కటే. పునీత పాట్రిక్ పేరున ఊరేగింపులు, ఆకుపచ్చ టోపీలు, పొద్దుపోయేదాకా కిటకిటలాడే పబ్బులు. అదే దేశం 2023లో ఇంకో పండుగకు జాతీయ సెలవు ఇచ్చింది. ఐరిష్ ప్రభుత్వ సెలవుల పట్టికలో ఒక స్త్రీ పేరు చేరడం అదే మొదటిసారి. ఆమె పునీత బ్రిజిడ్. ఆమె పండుగ ఫిబ్రవరి 1. ఆమె ఊరు కిల్డేర్.

డబ్లిన్‌కు నైరుతి దిక్కున, రైల్లో గంటలోపు దూరంలో ఉంటుంది. పెద్ద ఊరేం కాదు. గుర్రప్పందేలకు పేరుపడిన కరా మైదానం ఒక పక్కన, మేలుజాతి గుర్రాలను పెంచే నేషనల్ స్టడ్ ఇంకో పక్కన. బ్రాండెడ్ బట్టలు తగ్గింపు ధరలకు అమ్మే కిల్డేర్ విలేజ్ ఊరికి ఆనుకునే ఉంది. బేరాలకు వచ్చినవాళ్లు, పందేలకు వచ్చినవాళ్లు నాలుగడుగులు లోపలికి వేస్తే మార్కెట్ స్క్వేర్ వస్తుంది. అక్కడొక స్తంభం ఉంది. దాని కొసన ఓక్ ఆకులు, ఓక్ కాయ డిప్ప ఆకారంలో ప్రమిద. అందులో మంట. కిల్డేర్ అనే పేరుకు ఐరిష్ భాషలో ఓక్ చెట్టు కింది గుడి అని అర్థం.

ఆ మంట వెనక పెద్ద కథే ఉంది. దానికోసం స్క్వేర్ పక్కనే ఉన్న కెథెడ్రల్ ఆవరణలోకి వెళ్లాలి. 13వ శతాబ్దంలో కట్టిన గుడి అది. 17వ శతాబ్దపు యుద్ధాల్లో పాడుబడింది, 19వ శతాబ్దం చివర్లో మళ్లీ నిలబెట్టారు. పక్కనే ముప్ఫై మీటర్లకు పైగా ఎత్తున్న గుండ్రటి రాతి గోపురం. కేథలిక్కులు తమ తల్లిగా కొలిచే బ్రిజిడ్ పేరున్న ఈ కెథెడ్రల్ ప్రొటెస్టెంట్లది, అంటే చర్చ్ ఆఫ్ ఐర్లండ్‌ది. ఊళ్లో కేథలిక్కులకు ఆమె పేరుతోనే వేరే చర్చి ఉంది. ఒకే ఊళ్లో ఒకే పునీతురాలికి రెండు శాఖల గుడులు. ఆమె ఏ ఒక్కరి సొత్తూ కాదన్న సంగతి కిల్డేర్‌లో అడుగుపెట్టగానే తెలిసిపోతుంది.

కెథెడ్రల్ ఆవరణలోనే నేలబారుగా కొన్ని రాళ్ల పునాదులు కనిపిస్తాయి. దాన్ని అగ్నిగృహం అంటారు. చూడ్డానికి ఏమీ ఉండదు. కానీ 1180లలో ఐర్లండ్ వచ్చిన జెరాల్డ్ ఆఫ్ వేల్స్ అనే మతగురువు ఇక్కడి నిప్పు గురించి రాసిపెట్టాడు. బ్రిజిడ్ బతికున్నప్పుడు ఇరవైమంది మఠకన్యలు ఆ నిప్పును కాచారట. ఆమె పోయాక పంతొమ్మిదిమంది మిగిలారు. రోజుకొకరు వంతుల వారీగా రాత్రంతా కాపలా ఉండేవారు. ఇరవయ్యో రాత్రి వంతు బ్రిజిడ్‌దే. పంతొమ్మిదో కన్య కట్టెలు పేర్చి, నీ నిప్పు నువ్వే చూసుకో తల్లీ అని చెప్పి వెళ్లిపోయేది. తెల్లారి చూస్తే నిప్పు ఆరకుండా ఉండేది. చుట్టూ కంచె, మగవాళ్లు దాటకూడదు. నోటితో ఊదకూడదు, తిత్తితోనో చేటతోనో విసరాలి. ఎన్నేళ్లు కట్టెలు వేసినా బూడిద పెరగలేదని కూడా జెరాల్డ్ రాశాడు. 16వ శతాబ్దంలో ఇంగ్లండ్ రాజు మఠాలను మూయించాక ఆ నిప్పు కథ ముగిసింది.

అసలు ఈ బ్రిజిడ్ ఎవరు? చర్చి చెప్పే ప్రకారం 5వ శతాబ్దం మధ్యలో పుట్టి, 524 ప్రాంతంలో కన్నుమూసిన మఠాధిపతి. స్త్రీపురుషులిద్దరికీ చోటున్న మఠాన్ని కిల్డేర్‌లో నడిపిన మనిషి. ఆమె పోయిన వందేళ్ల పైచిలుకుకు కొజిటోసస్ అనే సన్యాసి లాటిన్‌లో ఆమె చరిత్ర రాశాడు. అందులో తేదీల కంటే మహిమలే ఎక్కువ. జనం నోట నానిన కథ ఇంకోటి ఉంది. మఠానికి భూమి ఇవ్వమంటే లెన్‌స్టర్ రాజు కుదరదన్నాడు. నా పైవస్త్రం పరుచుకున్నంత మేర ఇవ్వు చాలు అంది. రాజు నవ్వి సరేనన్నాడు. వస్త్రం నేల మీద పరిస్తే సాగి సాగి కరా మైదానమంతా కమ్మేసింది. ఇవాళ దాదాపు 5000 ఎకరాలున్న ఆ పచ్చిక బయలు అలా వచ్చిందే అంటారు కిల్డేర్ వాళ్లు.

రెండో బ్రిజిడ్ కూడా ఉంది. క్రీ.శ. 900 ప్రాంతంలో కూర్చిన కోర్మాక్ నిఘంటువు, కవులు కొలిచే బ్రిజిడ్ అనే దేవతను పేర్కొంది. ఆమెకు అదే పేరున్న ఇద్దరు అక్కచెల్లెళ్లట, ఒకరు వైద్యానికి, ఒకరు కమ్మరి పనికి. ఫిబ్రవరి 1 క్రైస్తవం రాకముందు నుంచీ ఇంబోల్క్ పండుగ. గొర్రెలు ఈనే కాలం, పాలు వచ్చే కాలం, చలి వెనక్కి తగ్గే కాలం. ఆ దేవతనే చర్చి పునీతురాలిగా మార్చుకుందని కొందరు పండితులు అంటారు. కాదు, నిజంగా ఉన్న ఒక మఠాధిపతి చుట్టూ దేవత కథలు పేరుకున్నాయని మరికొందరు. ఈ వాదం తేలేది కాదు. తేలకపోయినా ఊరికి వచ్చిన నష్టం లేదు. ఊరి పక్కనే టల్లీలో ఉన్న ఆమె బావి దగ్గరకు వెళ్తే పక్క చెట్ల కొమ్మలకు కట్టిన గుడ్డ పేలికలు కనిపిస్తాయి. కట్టినవాళ్లు జపమాల తిప్పేవాళ్లో, దేవతను కొలిచేవాళ్లో, జబ్బుపడ్డ బిడ్డ కోసం వచ్చిన అమ్మో పేలికను చూసి చెప్పలేం.

పండుగ అసలు పని జనవరి 31 సాయంత్రం మొదలవుతుంది. తడి నేలల్లో పెరిగే, మన తుంగను పోలిన రెల్లును తెచ్చి శిలువ అల్లుతారు. దాన్ని కత్తితో కోయకూడదు, చేత్తో పీకాలని ఆచారం. ఒక పుల్లను నిలువుగా పట్టుకుంటారు. రెండోదాన్ని మధ్యకు మడిచి దాని నడుముకు తగిలిస్తారు. రెండూ కలిసినచోట బొటనవేలితో నొక్కిపట్టి మొత్తాన్ని పావు వంతు తిప్పుతారు. ఇంకో పుల్లను మడిచి ఇందాకటిదాని మీదుగా వేసి మళ్లీ తిప్పుతారు. పది పన్నెండు పుల్లలు పడేసరికి నడుమ నలుచదరపు అల్లిక తేలుతుంది. నాలుగు చేతులూ నాలుగు దిక్కులకు సాగుతాయి. కొసలను దారంతో బిగించి కట్టి, చివర్లు సమంగా కత్తిరిస్తారు. మధ్యలో బొటనవేలు వదులైతే చేసిందంతా విడిపోతుంది. ఆ శిలువను గుమ్మం పైన పెడతారు, మన పల్లెల్లో వరి కంకుల కుచ్చు కట్టినట్టు. ఇల్లు అంటుకోకుండా కాపాడుతుందని నమ్మకం. గడ్డికప్పు ఇళ్ల కాలంలో పాతవి తీసేసేవారు కాదు, వాసాల్లో ఏటికొకటి చేరేది. ఇంకొందరు ఆ రాత్రి గుడ్డముక్కను కిటికీ బయట పెడతారు. బ్రిజిడ్ దారిన పోతూ దాన్ని తాకుతుందట. ఏడాదంతా తలనొప్పికి అదే మందు.

ఈ శిలువ చర్చి గోడ దాటి చాలా దూరం వెళ్లింది. 1961 చివరి రోజున మొదలైన ఐరిష్ ప్రభుత్వ టీవీ దీన్నే గుర్తుగా పెట్టుకుంది. 1990ల దాకా ప్రార్థనకు కూర్చోని ఇళ్లలోనూ తెర మీద అదే కనిపించేది.

ఆరిపోయిన నిప్పు 1993లో తిరిగి వెలిగింది. బ్రిజిడైన్ సిస్టర్ల సమాజ పెద్ద మేరీ తెరీసా కల్లెన్ దాన్ని మార్కెట్ స్క్వేర్‌లో వెలిగించారు. సందర్భం పూజ కాదు, ఆఫ్రి అనే శాంతి, న్యాయ సంస్థ జరిపిన సదస్సు. సిస్టర్లు ఆ నిప్పును ఊళ్లోనే దాచి కాచారు. ఇప్పుడది 2015లో తెరిచిన సోలాస్ బ్రీడ కేంద్రంలో ఉంది. అంతకు ముందే, సిస్టర్లు కాచిన ఆ నిప్పుతోనే 2006లో దేశాధ్యక్షురాలు మేరీ మెకలీస్ స్క్వేర్‌లోని స్తంభ జ్యోతిని ముట్టించారు. మఠంలో కాచిన నిప్పును దేశాధినేత ఊరి నడిబొడ్డున పెట్టింది. ఈ పండుగలో భక్తి ఎక్కడ ఆగి పౌరజీవితం ఎక్కడ మొదలవుతుందో గీత గీసి చూపమంటే నా వల్ల కాదు.

సెలవు రావడం వెనక కోవిడ్ ఉంది. మహమ్మారిలో పోయినవాళ్ల స్మృతికి, అప్పుడు పనిచేసినవాళ్లకు కృతజ్ఞతగా ఒక్కసారి ఇచ్చే సెలవుతో పాటు, 2023 నుంచి శాశ్వతంగా ఇంకో సెలవు ఇస్తామని 2022 జనవరిలో ప్రభుత్వం ప్రకటించింది. దాన్ని బ్రిజిడ్‌కే ఇవ్వాలని హర్‌స్టోరీ అనే సంస్థ అంతకు ముందు నుంచే ఉద్యమం నడిపింది. పాట్రిక్‌కు 1903 నుంచే సెలవు ఉంది, ఆయనతో సమానంగా కొలిచే స్త్రీకి ఎందుకు లేదన్నది వాళ్ల ప్రశ్న. న్యాయమైన ప్రశ్న. పాత ఐరిష్ పంచాంగంలో నాలుగు రుతు పండుగలు. మే, ఆగస్టు, అక్టోబర్ పండుగల దరిదాపుల్లో సెలవులు ఎప్పటి నుంచో ఉన్నాయి. ఫిబ్రవరిదొక్కటే ఖాళీగా ఉండేది.

ఇప్పుడు ఎవరి బ్రిజిడ్ వాళ్లకు ఉంది. 2018లో లండన్‌లోని ఐరిష్ రాయబార కార్యాలయం ఆ రోజున స్త్రీల సృజనకు వేడుక మొదలుపెట్టింది, మిగతా దేశాల్లోని కార్యాలయాలూ అందుకున్నాయి. కొజిటోసస్ రాసిన ఒక మహిమలో, వ్రతభంగమై గర్భం దాల్చిన స్త్రీని బ్రిజిడ్ ఆశీర్వదిస్తే నొప్పి లేకుండా ఆ గర్భం మాయమైపోతుంది. స్త్రీల హక్కుల కోసం పోరాడినవాళ్లు ఆ కథను గుర్తుచేస్తారు. చర్చికి ఆ ప్రస్తావన రుచించదు. 2016 జనగణనలో 79 శాతం ఉన్న కేథలిక్కులు 2022కు 69 శాతానికి తగ్గారు. ఏ మతమూ లేదన్నవాళ్లు 14 శాతం. అయినా 2024 జనవరిలో, బ్రిజిడ్ పోయి 1500 ఏళ్లయిన సందర్భంగా ఆమెదని నమ్మే ఎముక శకలం కిల్డేర్‌కు తిరిగి వస్తే ఊరంతా పండుగ చేసుకుంది. గుడికి పోవడం మానేసిన దేశం బ్రిజిడ్‌ను మానలేదు.

నాకు మింగుడుపడనిది ఒక్కటే. పాట్రిక్ సెలవు ఆయన రోజైన మార్చి 17నే వస్తుంది. బ్రిజిడ్ సెలవు ఫిబ్రవరి మొదటి సోమవారం. ఒకటో తేదీ శుక్రవారమైతే మాత్రం ఆ రోజే. వారాంతం సాగుతుందని ప్రభుత్వం అలా పెట్టింది, పనిచేసేవాళ్లకు అది సుఖమే. కానీ ఈ పండుగ ప్రాణమంతా జనవరి 31 రాత్రిలో, ఫిబ్రవరి 1 పొద్దులో ఉంది. రెల్లు అల్లేది అప్పుడే, గుడ్డ బయట పెట్టేది అప్పుడే. ఏ వారం పడినా కిల్డేర్ వాళ్లు ఆ తేదీనే పట్టుకుని ఉన్నారు. 2023 నుంచి 2026 దాకా ఒక్క ఏడూ పండుగా సెలవూ కలవలేదు. ఆమెకు ఆమె తేదీ ఇచ్చెయ్యాలి. పాట్రిక్‌కు వర్తించిన నియమం ఆమెకు వర్తించకపోవడానికి కారణం కనిపించదు.

2027లో ఫిబ్రవరి 1 సోమవారం, రెండూ ఒకే రోజు. డబ్లిన్‌లో ఉంటున్న మన తెలుగు కుటుంబాలకు నాదో మాట. ఆ ముందు రోజు ఆదివారమే హ్యూస్టన్ స్టేషన్‌లో రైలెక్కి కిల్డేర్ వెళ్లండి. కిల్డేర్ విలేజ్‌లో కొనుక్కోవాల్సినవి కొనుక్కోండి, కానీ అక్కడే ఆగిపోకండి. స్క్వేర్‌లో జ్యోతిని చూసి, రెల్లు అల్లేచోట కూర్చోండి. పిల్లల్ని కూడా తీసుకెళ్లండి, శిలువ అల్లడం నేర్పేవాళ్లు ఊళ్లోనే ఉన్నారు.