ఏటికొక్కసారి పూచు మే పుష్పము

వేసవిలో మొక్కలన్నియు వాడియున్న వేళ, పెరటిలో ఆకు కానరాని చోట నేలను చీల్చుకొని లావైన కాడ యొకటి లేచును. కొలది దినములలో దాని కొనయందు ఎఱ్ఱని పూబంతి విచ్చుకొనును. ఇదియే మే పుష్పము. ఆఫ్రికా ఖండము దీని పుట్టినిల్లు. చూపునకు ఒకే పూవుగా తోచు ఆ బంతిలో ఇన్నూరు వరకు చిన్న పూవు లుండవచ్చును.

దీనిని పెంచుట కష్టము కాదు, ఓర్పు మాత్రము కావలెను. ఆకులు ఎండగనే దుంప చచ్చినదని తలచి పలువురు త్రవ్వి పారవేయుచుందురు. అది పొరపాటు. పూవు వాడిన పిదప వెడల్పైన ఆకులు ఏపుగా పెరిగి, వానకాలమంతయు ఆహారమును సిద్ధపరచి దుంపలో నిలువ చేయును. మఱుచటి యేటి పూవునకు ఆ నిలువయే ఆధారము. కనుక పచ్చని ఆకులను కోయరాదు. చలికాలమున అవి పసుపువారి ఎండినప్పుడు దుంప నిద్రించుచున్నదని గ్రహించి నీరు మానవలెను. పలుగుపోటు తగులకుండ ఆ చోట ఒక రాతిని గుర్తుగా నుంచుట మంచిది.

వేసవి ఆరంభమున, మొలక రాకముందే దుంపలను నాటవలెను. ఉదయపు టెండ తగిలి మధ్యాహ్నము నీడ పట్టు బాట అంచు గాని, గోడ వార గాని అనువైనది. మట్టిలో చివికిన పశువుల ఎరువును, కొంత ఇసుకను కలిపి, దుంప మెడ నేలమట్టమున నుండునట్లు జానెడు దూరమున కొకటిగా నాటవలెను. స్నానపు నీరు నిలుచు చోట నాటినచో దుంప కుళ్ళిపోవును. ఒకే వరుసలో పది దుంపలు పూచినప్పుడు ఆ బాట అందము చూచి తీరవలసినదే.

గృహిణులు ముఖ్యముగా గమనింపవలసిన విషయ మొకటి కలదు. ఈ దుంప నీరుల్లిని పోలియుండును గాని విషపూరితము. దీనిని వంటయింటిలో ఉంచరాదు. పిల్లలకు, మేకలకు, గొఱ్ఱెలకు అందనీయరాదు. ముట్టిన పిదప చేతులు కడుగుకొనవలెను. ఎవరైన పొరపాటున తినినచో ఇంటి చిట్కాలతో కాలయాపన చేయక, మిగిలిన దుంప ముక్కతో సహా వెంటనే వైద్యుని కడకు కొనిపోవలెను.

కుదురుకొన్న దుంప కొన్నేండ్లకు పిల్లదుంపలు పెట్టును. వానిని పొరుగువారికి పంచునప్పుడు రెండు మాటలు కూడ చెప్పి ఇండు: ఆకు ఎండినదని త్రవ్వవలదు, ఉల్లితో కలుపవలదు.