అస్సాయి యేనుగు

కోటిపల్లి రేవునుండి ముక్తేశ్వరమునకు గౌతమిని దాటు ప్రయాణికులలో, సెలవుపై యింటికి వచ్చు సిపాయి యొకడప్పుడప్పుడు కనబడును. ఆతడు మదరాసు రెజిమెంటువాడైనచో టోపీబిళ్లపై నొక డాలు, దానిపై నేనుగు, అడ్డముగా బెట్టిన రెండు కత్తులు నుండును. తోడివారాతనిని గౌరవముతో చూతురు. ఆ యేనుగెక్కడిదని యడుగువారు మాత్రమరుదు.

1803 సెప్టెంబరు 23వ తేదీన, నేటి మహారాష్ట్రములోని అస్సాయి గ్రామమువద్ద, వెల్లెస్లీ నడపిన కంపెనీ సైన్యము సింధియా, భోంస్లేల సేనల నోడించెను. కంపెనీ పక్షమున పోరినవారిలో నధికసంఖ్యాకులు మదరాసు సిపాయిలే. ఆ పక్షమున హతులు, క్షతగాత్రులు కలసి సుమారు 1600 మంది. పిదప వెల్లెస్లీ వెల్లింగ్టను ప్రభువై, 1815లో నెపోలియనును జయించి జగద్విఖ్యాతుడయ్యెను. పోరిన పటాలములకు దక్కినది ఈ యేనుగు బొమ్మ.

ఇది మనకు పరుల ముచ్చట కాదు. కంపెనీ తొలి సిపాయిలలో తెలుగువారుండుటచేతనే ఉత్తరదేశమున సిపాయికి ‘తిలంగా’ యను పేరు వచ్చెను. మన జాతినామము పరప్రభువు కొలువులోని కూలిభటునకు పర్యాయపదమయ్యెను. తలచిన గుండె కలుక్కుమనదా?

స్వాతంత్ర్యానంతరము, దేశీయులను లోబరచుటకై జరిగిన యుద్ధముల బిరుదులు ఉత్సవయోగ్యములు కావని మన సైన్యమున నిర్ణయమైనది. అస్సాయియు నందొకటి. బిరుదు పండుగ పోయినను ఏనుగు నిలిచినది. ఇది యసంగతమని కొందరందురు. మాకట్లు తోచదు. ఏనుగు కంపెనీవారి సొత్తా? అమరావతి శిల్పములలో మాయాదేవి స్వప్నమున దిగివచ్చినదియు, పోతన భాగవతమున మొసలిపట్టు విడిపించుకొన్నదియు ఏనుగే కదా!

అసలు చిక్కు బొమ్మలో లేదు. ఈ రెజిమెంటు ధ్యేయవాక్యము గీత మూడవ యధ్యాయములోనిది. స్వధర్మమున మరణమైనను మేలని భావము. 1803 నాటి సిపాయికి స్వధర్మమేది? ఉప్పుపెట్టినవానియెడ విశ్వాసమా, పుట్టిన గడ్డయెడ ఋణమా? ఆతనిని నిందించుట సులభము. కాని రాజులే పరస్పరము కలహించి కంపెనీ నాశ్రయించిన కాలమున, నెలజీతమునకు చేరిన పేదకాపు బిడ్డకు దేశమిదియని చూపినవారెవరు? ఆ ధైర్యము నిక్కము. దాని ఫలము మాత్రము పరులపాలైనది. నేటి సిపాయి ప్రజలెన్నుకొన్న ప్రభుత్వమునకు లోబడి సరిహద్దును గాచుచున్నాడు. ఆ ప్రశ్నకాతనికి జవాబు దొరకినది.

కావున చిహ్నమును చెరుపవలదు, చరిత్రను దాచవలదు. రేవులో పసివాడొకడా బిళ్లను తాకి, “ఈ యేనుగేమిటి మామా?” యని యడిగినచో, సిపాయి తన పూర్వుల శౌర్యముతోపాటు వారి దాస్యమును గూడ దాచక చెప్పగలుగవలెను. మన పాఠశాలలాతనికి ముందుగా నా కథను నేర్పవలెను.