‘చాలు’ శబ్దార్థ విచారము

ఆంగ్లభాషలో ‘ఇనఫ్’ అనునది మిక్కిలి చిన్నమాట. దానికిఁ దెలుగర్థమేమని యడిగినచో బడిపిల్లవాఁడును దడుముకొనక ‘చాలు’ అని చెప్పును. నిఘంటువులును నట్లే చెప్పును. కాని రెండు మాటలను వాక్యములలో నుంచి చూచినచో నొకదాని చోట నొకటి నిలువదు. ఆంగ్లపదము విశేషణముగను, క్రియావిశేషణముగను నుండును, తెలుగుమాట క్రియ. ఈ భేద మల్పముగాఁ దోఁచినను, వ్యవహారమున దాని ఫలము దొడ్డది.

క్రియ యగుటచేత ‘చాలు’ అను దానికిఁ గర్త యొకటి యుండవలెను. అంతకంటె ముఖ్యముగా ‘కు’ ప్రత్యయముతోఁ గూడిన పద మొకటి ప్రక్కన నుండవలెను. విజయవాడ గవర్నర్‌పేటలో బీసెంటు రోడ్డు వెంబడి కొంతదూరము నడచినవాఁ డీ సంగతిని వ్యాకరణము చదువకయే గ్రహింపఁగలఁడు. బట్టలకొట్టులో ‘ఈ ముక్క రవికకుఁ జాలునా?’ అని యడుగుదురు. భోజనశాలలో విస్తరిపైఁ జేయి యడ్డము పెట్టి ‘నాకుఁ జాలు, వారికి వడ్డింపుఁడు’ అందురు. జేబులోని చిల్లర లెక్కించుకొని ‘బస్సుకుఁ జాలవు’ అని నడక సాగింతురు. ‘నాకు’ అను మాట పైకి వినఁబడనప్పుడును సందర్భమున నది యుండనే యున్నది. వట్టి కొలఁత చెప్పి యూరకున్నచో వినువాఁడు ‘ఎవరికి? దేనికి?’ అని యడుగక మానఁడు.

పూర్వభాషలో నీ ధాతువునకు మఱియొక యర్థమును గలదు. వస్తువు కర్తయైనచో ‘సరిపడుట’ యర్థము. మనుష్యుఁడు కర్తయైనచో ‘సమర్థుఁడగుట’ యర్థము. చేయఁజాలుదును, చేయఁజాలను, రాఁజాలఁడు, చెప్పఁజాలరు అను రూపము లిట్టివి. వీనిలో వ్యతిరేకరూపములు మాత్రమే వ్రాఁతలోఁ గొంతవఱకు నేఁటికిని నిలిచినవి. తక్కినవాని స్థానము ‘కలుగు’ ధాతువు నాక్రమించినది. మచిలీపట్నమునఁ గొంతకాల ముద్యోగము చేసిన సి. పి. బ్రౌను 1852లో వెలువరించిన తెలుఁగు నిఘంటువులో నీ రెండర్థములును గానవచ్చును. బియ్యము కుండకుఁ జాలుటయు, మనుష్యుఁడు పనికిఁ జాలుటయు నొకే భావమని మన పూర్వులు తలఁచిరి.

సోదరభాషలు నీ యూహను బలపఱచును. కన్నడమున ‘సాలు’ ధాతువునకు సరిపడుట యర్థము. ‘సాలదు’ అనఁగాఁ జాలదు. తమిళమున ‘సాల్’ ధాతువునకు నిండుట, తగియుండుట యర్థములు. గుణములు నిండిన పెద్దలను జెప్పు ‘సాన్ఱోర్’ అను మాట దాని నుండి పుట్టినదే. నాఁగటిచాలులోని ‘చాలు’ మాత్రము వేఱు. బరో, ఎమెనో పండితుల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు దానిని వేఱు మూలము క్రిందఁ జూపినది.

‘చాల’ యను మాట కథ వింతయైనది. అది ‘చాలు’ ధాతువుయొక్క తుమున్నంతము. చాలునట్లుగా నని దాని మొదటి యర్థము. అది క్రమముగా ‘మిక్కిలి’ యను నర్థమునకుఁ బ్రాఁకినది. అవసరమును గొలుచు మాట యవసరమును మించినదానికిఁ బేరయ్యెను! తమిళమునను ‘సాల’ యనఁగా మిక్కిలియే కావున నీ మార్పు నేఁటిది కాదు. ‘చాలించు’ అను ప్రేరణరూప మందుకు విరుద్ధముగా నడచినది: చాలునట్లు చేయుట యనఁగా నిఁక వలదని నిలుపుట.

సంస్కృతమున ‘అలమ్’ అను నవ్యయమునకు నిట్టి రెండు ముఖములే యున్నవి. తృతీయతోఁ గూడినచో నది నిషేధము, మన ‘ఇఁకఁ జాలు’ వంటిది. సామర్థ్యార్థమునఁ గూడినచోఁ జతుర్థి రావలెనని పాణిని విధించెను. ఒక మల్లునకు మఱియొక మల్లుఁడు చాలుననుట యా సందర్భమున వ్యాకర్త లిచ్చు ప్రసిద్ధోదాహరణము. ‘అలంకార’ శబ్దమును దీని నుండి వచ్చినదే. చాలునట్లు చేయుట, కొఱఁత తీర్చుట యని దాని మూలార్థము. గవర్నర్‌పేటకుఁ బొరుగుననున్న గాంధీనగరములో నలంకార్ సెంటరను పేరు నిత్యము పలుకువారిలో నీ సంగతి నెందఱు తలఁతురో!

ఇఁక ననువాదకుల చిక్కు. ఆంగ్లమున విశేషణము వెనుక ‘ఇనఫ్’ చేర్చుట సులభము. దానిని జూచి ‘చాలినంత పొడవుగలవాఁడు’, ‘తగినంత వయస్సు గల కన్య’ యని వ్రాయువారు కలరు. తెలుఁగున నీ పని ‘అంత’ చేయును: అటక యందునంత పొడవు, చేయి కాలునంత వేఁడి. ఒక్కొక్కచోట నదియు నక్కఱలేదు. ‘ఈడు వచ్చినది’ యన్నఁ జాలును. అందుకుఁ బ్రతిగా మన ‘చాలీచాలని జీతము’నకు సరియైన మాట యాంగ్లమున దొరకదు. తెలిసీతెలియని, వచ్చీరాని యనువానివలె నిందును భావాభావములు రెండును జేరియున్నవి: తిండికిఁ జాలినది, బడి జీతమునకుఁ జాలలేదు, లేదా యిరువదవ తేదివఱకుఁ జాలినది, పిమ్మటఁ జాలలేదు.

‘చాలు’, ‘తగు’ అను రెండింటిని గలిపివేయుటవలనఁ గలుగు హాని న్యాయస్థానములఁ గానవచ్చును. చాలుట పరిమాణమునకు సంబంధించినది. తగుట యౌచిత్యమునకు సంబంధించినది. 1963 నాఁటి కాలపరిమితి చట్టము 5వ సెక్షను ప్రకారము, గడువు దాఁటిన యప్పీలును ‘సఫిషియెంట్ కాజ్’ చూపినచో స్వీకరింపవచ్చును. దీనిని దెలుఁగున ‘తగిన కారణము’ అని వ్రాయుట పరిపాటి. ‘నీవు చెప్పిన కారణము తగినది కాదు’ అని విన్న కక్షిదారుఁడు తాను జెప్పరానిది చెప్పితినేమో యని సిగ్గుపడును. చట్టము చెప్పినది ‘ఆ కారణము చాలదు’ అని మాత్రమే. జ్వరము తగిన కారణమే, కాని మూఁడుదినముల జ్వరము రెండేండ్ల యాలస్యమునకుఁ జాలదు.

1872 నాఁటి కాంట్రాక్టు చట్టము 25వ సెక్షనులో నింకను స్పష్టమైన యుదాహరణ మున్నది. వేయి రూపాయల గుఱ్ఱమును బది రూపాయల కమ్ముటకు స్వేచ్ఛగా నొప్పుకొన్నచో నా యొప్పందము చెల్లును. ప్రతిఫలము చాలనంత మాత్రమున నది చెడదు. ఒప్పుకోలు స్వేచ్ఛగా జరుగలేదను వాదము వచ్చినప్పుడు మాత్రము వెల చాలకుండుటను న్యాయస్థానము గమనింపవచ్చును. ఇచట ‘తగని ప్రతిఫలము’ అని యనువదించినచో లంచమో, యక్రమధనమో యను భ్రాంతి కలుగును.

కృష్ణానదిపై 1855 నాఁటికి ముగిసిన యానకట్టకు మాఱుగా 1957లో ప్రకాశం బరాజు ఏర్పడినది. దాని క్రింద సుమారు 13 లక్షల యెకరముల యాయకట్టు గలదు. కాలువ తలవైపునఁ గొలిచి ‘చాలినంత నీరు వదలితిమి’ యనుట కవకాశము గలదు. ఆ వాక్యమున ‘కు’ లేదు. దివిసీమలోను, బందరు పరిసరములలోను శివారు భూములవారు దానికిఁ బ్రత్యుత్తరముగా ‘మాకు నీరందలేదు’ అందురు. ‘ఇనఫ్’ అను నాంగ్లపదముయొక్క ప్రాచీనమూలమునకును నందుట, చేరుట యనియే యర్థమని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. శివారు రైతు పలుకుబడిలో నందకపోవుట వేఱు, చాలకపోవుట వేఱు. నీరు బోదె దాఁకను రాకున్నచో ‘అందలేదు’. వచ్చియు నాఁకుమడికిఁ దడుపై, నాట్లకు మిగులకున్నచో ‘చాలలేదు’. మొదటిది కాలువ పూడికను, గట్టుగండిని జూడుమని చెప్పును. రెండవది వంతులను, వదలిన పరిమాణమును లెక్కచూడుమని చెప్పును. అర్జీ వ్రాయువాఁడు రెండింటికిని ‘తగినంత నీరు లేదు’ అని యొకే మాట వ్రాసినచోఁ జదువు నధికారి యే గట్టుకుఁ బోయి యేమి చూడవలెనో తెలియదు.