పేరు కనిపించని సంపాదకుడు

పిల్లల పత్రిక నడపడమంటే మన పెద్దల్లో చాలామందికి చిన్నచూపు. "పిల్లలకేగా, ఎవరు వ్రాస్తేనేం?" అంటారు. అలా అన్నవారికల్లా నేను కొడవటిగంటి కుటుంబరావుగారి సంగతి చెబుతూ ఉంటాను.

ఆయన 1909 అక్టోబరు 28న తెనాలిలో పుట్టారు. భౌతికశాస్త్రం చదివారు. కాశీలో ఎమ్మెస్సీలో చేరి, పూర్తి కాకుండానే తిరిగి వచ్చేశారు. 'చదువు' వంటి నవలలతో మధ్యతరగతి సంసారాల గుట్టు విప్పి గొప్ప రచయిత అనిపించుకున్నారు. అటువంటి మనిషి 1952లో మద్రాసులో 'చందమామ'లో చేరి, 1980 ఆగస్టు 17న కన్నుమూసేదాకా అక్కడే ఉండిపోయారు. ఇరవై యెనిమిదేళ్లు!

నాగిరెడ్డి, చక్రపాణిగార్లు 1947 జూలైలో ఆరంభించిన పత్రిక అది. సంపాదకుడుగా పాఠకులకు తెలిసిన పేరు చక్రపాణిగారిది. కథలు దిద్దే కలం మాత్రం కుటుంబరావుగారిది. ఎవరు పంపిన కథయినా సరే, అందులో సారం ఉంటే చాలు, ఆయన దాన్ని తిరగవ్రాసేవారు. పొడుగు వాక్యాలు తెగేవి, సమాసాలు రాలిపోయేవి. అందుకే అన్ని కథలూ ఒకే అమ్మమ్మ నోట విన్నట్టుండేవి. రామాయణ భారతాలు సైతం ఆ తేట తెలుగులోనే పిల్లలకు అందాయి.

ఇంతటి హేతువాది పసివాళ్లకు దయ్యాల కథలు ఇవ్వవచ్చునా అని అడిగేవారున్నారు. బేతాళ కథలనే చూడండి. అసలువి ఇరవై అయిదే. చందమామలో అవి వందల సంఖ్యలో నడిచాయి. శవంలోని బేతాళుడు పిల్లవాణ్ణి భయపెట్టడు, ప్రశ్న వేస్తాడు. ఇందులో తప్పెవరిది? త్యాగం ఎవరిది? విక్రమార్కుడు జవాబు చెప్పేలోగా పిల్లవాడు తన జవాబు వెతుక్కుంటాడు. ఆలోచించడం నేర్పడానికి ఇంతకన్న మంచి బడి నాకు కనిపించలేదు.

ఆ కాలమంతా పెద్దల నవలలకే ఇచ్చి ఉంటే ఆయన మరెన్ని వ్రాసేవారో! కాని ఆ నవలలు చదవగల పాఠకులను తయారు చేసినదీ ఆ చేయే కదా.

చందమామ ఇప్పుడు వెలువడడం లేదు. పాత సంచికలు మీ అటకమీద ఉంటే ఒకటి దింపండి. రాత్రి భోజనాలయ్యాక ఒక కథ పైకి చదవండి. బేతాళుడి ప్రశ్న దగ్గర ఆగి, జవాబు మీ పిల్లలను చెప్పనివ్వండి.